అప్పడాలు లేని విందు

ఈ వ్యవహారంలో తెలివితక్కువవాణ్ని నేనేనని ముందుగా ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలికవుతుంది. వీణ కచేరీ నడుస్తుండగా అప్పడాలు వడ్డించమన్నది నేను. వడియాలూ నేనే, చల్లమిరపకాయలూ నేనే. పొరపాటున జరిగింది కాదు. తెల్లకాగితం మీద గళ్లు గీసి, ఒక గడిలో రాగం, పక్క గడిలో పదార్థం రాసి, కింద సంతకం పెట్టి మరీ జరిపించాను. ప్రభుత్వ ఆఫీసులో ముప్పయ్యేళ్లు పట్టికలు గీసిన చెయ్యి రిటైరైనంత మాత్రాన ఊరుకోదు.

వీణ మా ఆవిడది. మారేడ్‌పల్లిలో మా ఇంటి ముందుగదిలో పదిమంది పిల్లలకు నేర్పుతుంది. కచేరీలు మాత్రం ఎప్పుడో మానేసింది. చివరిసారి ఒక ఫంక్షన్ హాల్లో, ఎవరిదో పెళ్లి రిసెప్షన్‌లో వాయించింది. బఫే బల్లలు ఒకవైపు, వేదిక ఒకవైపు. ఆవిడ కళ్లు మూసుకుని రాగంలో ఉండగా ప్లేటు పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వేదిక అంచు దాకా వచ్చి, "అమ్మా, చేతులు కడుక్కునేది ఎక్కడ?" అని అడిగాడు. ఆవిడ మీటడం ఆపకుండానే గడ్డంతో అటు చూపించింది. ఆయన ఖాళీ ప్లేటు వేదిక మీదే పెట్టి వెళ్లాడు. ఆ రోజు ఇంటికొచ్చి, "తినేచోట ఇంక వాయించను" అంది. ఆ మాట మీద పదేళ్లు నిలబడింది. నేను ఏ మాట మీదా పది నిమిషాలు నిలబడినవాణ్ని కాను గనక ఆ పట్టుదలంటే నాకు గౌరవమూ ఉంది, భయమూ ఉంది.

ఆ పట్టు సడలించినవాడు ఆమె తమ్ముడు. పద్మారావు నగర్‌లో ఉంటాడు. ఆఫీసుల లోపలి అలంకరణలు చేయించే వ్యాపారం. మాట్లాడటం అతనికి శ్రమ కాదు, ఆపడమే శ్రమ. ఒక ఆదివారం వచ్చి, కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"అక్కా, ఇది కచేరీ కాదు, అనుభవం. ఇమ్మర్సివ్ ఎక్స్‌పీరియన్స్ అంటారు. వచ్చినవాళ్లు మునిగిపోవాలి."

"దేంట్లో?" అన్నాను నేను.

"అన్నిట్లో బావగారూ. నాదంలో, రుచిలో, వాసనలో."

"అయితే సాంబారు గంగాళం కొంచెం పెద్దది చెప్పాలి."

"మీరలాగే నవ్వుతూ ఉండండి. అక్కా, నువ్వు విను. బఫే కాదు. నేల మీద పంక్తి, అరిటాకులు, ముప్పై మందే. ఫోన్లు గుమ్మం దగ్గరే తీసేసుకుంటాం. ఒక్కడు లేవడు, ఒక్కడు మాట్లాడడు. నీ ఎదురుగా కూర్చుని తింటూ వింటారు. పూచీ నాది."

మా ఆవిడ నా వైపు చూసింది. అప్పుడు నేను తల అడ్డంగా ఊపి ఉంటే ఈ కథ అక్కడితో ఆగేది. కానీ నాకు ఆ క్షణాన ఒక సిద్ధాంతం తట్టింది. నోట్లో ముద్ద ఉన్నవాడు మాట్లాడలేడు. మాట్లాడలేనివాడు వినక తప్పదు. ఇది పైకి చెప్పడమే కాక, "అసలు విందు అన్న మాటలోనే వినడం ఉంది కదా" అని ఒక తాలింపు కూడా పెట్టాను. మాటల్లో ఉన్నదల్లా మనుషుల్లో ఉండదని, అరవై దాటినవాడికి ఎవరైనా చెప్పాలా?

"ఒక్కసారే," అంది మా ఆవిడ. "ఈసారి కూడా అలాగే అయితే వీణ ఎవరికైనా ఇచ్చేస్తాను. మూలన పెట్టుకుని రోజూ దాని మొహం చూడలేను."

బెదిరింపులా అనలేదు. పాలు అయిపోయాయని చెప్పే గొంతుతో అంది. అందుకే అది నిజమని నాకు అర్థమైంది.

ఇక పట్టిక సంగతి. ముద్దపప్పు, ఆవకాయలకు శంకరాభరణం రాశాను, రెంటికీ పెద్దరికం ఉంది గనక. పులిహోరకు మోహన. పెరుగన్నానికి నీలాంబరి, ఎలాగూ నిద్ర వస్తుంది గనక. ఆ రోజుకు ముఖ్యమైనది కల్యాణి. ఆవిడ చేతిలో అది అరగంట నడుస్తుంది. దానికెదురుగా ఏం రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. తినేవాళ్లకు మధ్యలో కాస్త కరకర ఉండాలని బావమరిది అన్నాడు. ఘనమైన రాగానికి ఘనంగా ఉండాలని అప్పడాలు, వడియాలు, చల్లమిరపకాయలు మూడూ ఒకే గడిలో ఇరికించాను.

వంటకు రెజిమెంటల్ బజార్ నుంచి ఒకావిడను పిలిచాం. యాభై ఏళ్లుంటాయి. ఫంక్షన్లకు వండటమే ఆమె పని. నా కాగితం చదివించుకుని విన్నది.

"సార్, గీ అప్పడాలు అమ్మ వాయించేటప్పుడేనా?"

"అవునమ్మా. కల్యాణి రాగానికి."

"రాగానికా, అన్నానికా?"

"రెంటికీ."

ఆమె ఒకసారి కాగితం వైపు, ఒకసారి నా వైపు చూసింది. "మీ ఇష్టం సార్. చెప్పిండ్రు, చేస్త."

ఆ 'మీ ఇష్టం'లో కావలసినంత సలహా ఉంది. వినే చెవి నాకు లేదు.

బావమరిది స్నేహితుడి పాత బంగళా మా వీధికి దగ్గర్లోనే ఉంది. దాని మేడమీది హాల్లో, ఆదివారం మధ్యాహ్నం జరిగింది. రెండు పంక్తులు ఎదురెదురుగా, నడుమ కొసన చిన్న తివాచీ మీద మా ఆవిడ, ఆమె ఒళ్లో వీణ. ముందు బావమరిది అనుభవం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. అన్నం కాస్త చల్లారింది గానీ, శంకరాభరణం బాగా సాగింది. పప్పూ నెయ్యీ కలిపిన వేళ్లు నెమ్మదిగా కదిలాయి. పులిహోర, మోహన కూడా గడిచాయి. నేను ద్వారం దగ్గర నిలబడి నా సిద్ధాంతం గెలిచినట్టే లెక్కేసుకున్నాను.

అప్పుడు కల్యాణి మొదలైంది. ఆవిడ పద్ధతి ఏమిటంటే, ఒక స్వరం మీటి, అది పూర్తిగా సన్నగిల్లే దాకా ఆగి, ఆ మిగిలిన తీగ మోతలోంచి తర్వాతి స్వరాన్ని లాగుతుంది. వినేవాళ్లు కూడా ఊపిరి బిగబట్టి ఆ సన్నగిల్లడం వినాలి. సరిగ్గా అక్కడ, నలుగురు క్యాటరింగ్ మనుషులు వెదురుబుట్టలతో వచ్చి, నా పట్టిక ప్రకారం, వరసాగ్గా ఆకుల్లో వడ్డించుకుంటూ పోయారు.

మొదటి అప్పడం ఎడమ పంక్తి చివరనున్న రైల్వే రిటైర్డ్ పెద్దాయనది. ఫట్ మంది. ఆయన పక్కాయనది ఇంకొంచెం గట్టిగా మోగింది. తర్వాత ముప్పై మంది దవడలు ఒక్కసారిగా అందుకున్నాయి. రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టు. అందులో ఒకరి తప్పూ లేదు. మాట్లాడొద్దన్నారు, ఎవరూ మాట్లాడలేదు. లేవొద్దన్నారు, ఎవరూ లేవలేదు. వడ్డించినది మర్యాదగా తింటున్నారు.

ఆవిడ వేళ్లు వీణ మెట్ల మీద కదులుతున్నట్టు కనిపిస్తోంది, వినిపించడం లేదు. కాసేపు ప్రయత్నించింది. తర్వాత కుడిచెయ్యి తీగల మీద అడ్డంగా పెట్టి ఆపేసింది.

ఆ నిశ్శబ్దానికి ముప్పై మందీ నోట్లో ఉన్నది నోట్లోనే ఉంచి బిగుసుకుపోయారు. రైల్వే పెద్దాయన మింగలేక, ఉమ్మలేక, బుగ్గన పెట్టుకుని నానబెట్టబోయాడు. మధ్యలో పన్ను తగిలి ఒక్కటే 'కటుక్' మంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వానేమోనని ఇప్పటికీ అనుమానం. మా ఆవిడ కూడా చిరునవ్వు నవ్వింది, కానీ తీగల వైపు చూసి. వీణకు గుడ్డ కప్పి, లేచి వంటింట్లోకి వెళ్లింది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది తర్వాతి సంగతి. బావమరిది ఏదో రికార్డింగు స్పీకర్లలో పెట్టాడు. భోజనం హాయిగా పూర్తయింది. చేతులు కడుక్కుంటూ అందరూ "చాలా బాగుంది, మళ్లీ ఎప్పుడు?" అన్నారు. వీణ ఏమైందని ఒక్కరూ అడగలేదు.

ఇంటికొచ్చాక ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. సాయంత్రం వీణ ముందు కూర్చుని బిరడాలు ఒక్కొక్కటే వెనక్కి తిప్పి తీగలన్నీ వదులు చేసింది. చాలాకాలం వాయించని వీణకు అలా చేస్తారు. తర్వాత తన దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయి తండ్రికి ఫోన్ చేసి, వచ్చే ఆదివారం వచ్చి వీణ తీసుకెళ్లమంది. ఆ అమ్మాయికి సొంత వీణ లేదు.

సోమవారం బావమరిది ఆ ముప్పై మందికీ ఫోన్లో ఒక సందేశం పంపాడు. మా ఆవిడ నాకు పైకి చదివి వినిపించింది: "లైవ్ మ్యూజిక్‌లో చిన్న టెక్నికల్ ప్రాబ్లం వచ్చింది, మన్నించండి. వచ్చేనెల కీబోర్డుతో కలుద్దాం."

ఫోను బోర్లా పెట్టి అడిగింది, "ప్రాబ్లం అంటే నేనా, వీణా?"

జవాబు నాకు తెలుసు: మూడూ ఒకే గడిలో రాసినవాడు. చెప్పడానికి బదులు పేపరు తెరిచాను. తమ్ముడికి ఫోన్ చేసి నాలుగు మాటలు అందామంటే, అప్పడాల కర్తకు ఆ అర్హత ఎక్కడిది?

మంగళవారం వంటావిడ వచ్చింది.

"నా జల్లిగంటె మీ సంచులల్ల వచ్చింది సార్." అప్పడాలు తీసే ఆ చిల్లుల గంటె తీసుకుని గుమ్మంలో నిలబడి, లోపలికి తొంగి చూసింది. "అమ్మ వాయిస్తలేదా?"

"మానేసింది."

"ఎందుకు?"

"అప్పడాల వల్ల."

"నేను గప్పుడే అడిగిన గద."

"అడిగారు. నాకే వినపడలేదు."

ఆమె నాతో ఇంక మాట్లాడటం అనవసరమని తేల్చుకుని, నేరుగా మా ఆవిడ దగ్గరికి వెళ్లి కింద కూర్చుంది.

"అమ్మా, నేను పోపు ఏసేటప్పుడు ఎవ్వరితోని మాట్లాడ. ఆవాలు చిటపటమంటయి. జెర సేపైనంక తగ్గుతది. గా తగ్గుడు వినాలె. గప్పుడే జీలకర్ర, గప్పుడే మిరపకాయ. చూస్తే తెల్వది, వింటేనే తెలుస్తది. గా టైంల ఎవరన్న పిలిస్తే మాడ్తది. మీకు సుత గంతే గద."

మా ఆవిడ ఆమె వైపు తిరిగింది. "అంతే."

"గా దినం మీ వీణ వినవడాలెనని పొయ్యి సన్నగ చేసిన. మీరు ఆపినంక నూనె చప్పుడొక్కటే మిగిలింది. నాకు మంచిగనిపియ్యలె."

కచేరీ గురించి మా ఆవిడకు అందిన మొదటి ప్రశంస అదే. "కాఫీ తాగుతారా?" అని అడిగింది.

కాఫీ తాగుతూ వంటావిడ తన పద్ధతి చెప్పింది. తిండినీ పాటనూ ఒక్కసారే పెడితే రెండూ పాడవుతాయి. ఒకదాని తర్వాత ఒకటి పెట్టాలి. అమ్మ వాయించినంతసేపూ చేతులు ఆకు మీద ఆగాలి. అమ్మ ఆపితే గంటె కదలాలి. పంక్తిలో కూర్చున్నవాళ్లు అందరి భోజనం అయ్యేదాకా లేవరు గనక ఎక్కడికీ పోరు. ఒకవేళ మధ్యలో ఎవరైనా ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నా చప్పుడు కాని వంట ఉండాలి.

"తినేచోట వాయించనని అనుకున్నానమ్మా," అంది మా ఆవిడ. "ఈ ఆదివారం ఒకాయన వచ్చి వీణ కూడా తీసుకెళ్తాడు."

"మీ ఇంట్ల పెట్టుకోండ్రి. పదిహేను మంది. పరేషాన్ ఏముంది? బాగలేకుంటే గా వీణ తీస్కపోతనన్నాయన గదే దినం తీస్కపోతడు."

మా ఆవిడ కాఫీ గ్లాసులు తీస్తూ, "ఆయన్నీ భోజనానికి పిలవండి" అని నాతో అంది. ఫోన్ చేసి రావద్దని చెప్పమనలేదు. అది నేను గమనించాను.

వంటావిడ నన్ను కాగితం తెమ్మంది. ఆమె చెబుతుంటే నేను రాశాను. ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, మెత్తగా మగ్గిన వంకాయ కూర, చారు, పెరుగు, పరమాన్నం.

"అప్పడం?" అన్నాను.

"కొట్టెయ్యున్రి."

"వడియం?"

"కొట్టెయ్యున్రి."

"చల్లమిరపకాయలైనా..."

"సార్, మీకు అమ్మ వాయించుడు ఇష్టమేనా?"

కొట్టేశాను.

స్టీలు గరిటెలు వద్దు, కొయ్య గరిటెలు. మంచినీళ్లు ముందే పోసి పెట్టాలి. క్యాటరింగ్ మనుషులు అసలే వద్దు, వాళ్లు బకెట్లు మోగిస్తారు, సాంబార్ సాంబార్ అని అరుస్తారు. "మీరే వడ్డించున్రి సార్. చెప్పుల్లేకుండ, మాట లేకుండ. సాలనుకున్నోళ్లు ఆకు మీద చెయ్యి అడ్డం పెడ్తరు. ఇంకొకరు కావాలె మీతోని."

ఆ ఇంకొకరెవరో నాకు వెంటనే తట్టింది.

ఆదివారం ఉదయం మా ఆవిడ తీగలు మళ్లీ బిగించింది. వారం రోజులు వదులుగా ఉన్న తీగలు శ్రుతి నిలవక గంటన్నర తీసుకున్నాయి. బావమరిది పన్నెండింటికి సిల్కు లాల్చీలో వచ్చాడు.

"బావగారూ, నేనెక్కడ కూర్చోవాలి?"

"నువ్వు నిలబడాలి."

"అంటే?"

వంటావిడ వంటింట్లోంచి వచ్చి అతని చేతిలో పప్పు బకెట్టు పెట్టింది. "సార్, ఫోను గీడ పెట్టున్రి. మాట్లాడొద్దు. అమ్మ కుడిచెయ్యి మోకాలి మీద పెట్టినప్పుడే నడవాలె."

అతను అక్క వైపు చూశాడు. అక్క శ్రుతి చూసుకుంటోంది, తలెత్తలేదు.

పదిహేను మంది కూర్చున్నారు, వీణ కోసం వచ్చినాయన చివరి ఆకు దగ్గర. మొదట వీణ, తర్వాత పప్పు. మళ్లీ వీణ, తర్వాత కూర. నాది చారు బకెట్టు. దాని వంతు రావడానికి చాలాసేపుంది గనక ఆవిడ కుడిచేతి మీదే కన్నుంచాను. అప్పుడు నాకొక సంగతి తెలిసింది. చెయ్యి ఎప్పుడు ఆగుతుందో ముందే పట్టుకోవాలంటే ఆవిడ మీటే ప్రతి స్వరాన్నీ చివరిదాకా వినాలి. ఇన్నేళ్లలో నేను ఆ గదిలో పేపరు చదువుతూ విన్నాను, నిద్రపోతూ విన్నాను, 'బాగుంది' అనడానికి విన్నాను. బకెట్టు పట్టుకుని వినడం అదే మొదటిసారి. స్వరం ఎక్కడ మొదలవుతుందో అందరికీ వినిపిస్తుంది. ఎక్కడ అయిపోతుందో వినడానికి నాకు ఒక చారు బకెట్టు కావలసి వచ్చింది.

కల్యాణికి ముందు చారు పోపు. వంటావిడ కావాలనే అప్పటిదాకా ఆపింది. వంటింట్లో ఆవాలు చిటపటలాడటం మొదలయ్యేసరికి గదిలో అందరి తలలూ అటు తిరిగాయి. ఇంగువ వాసన వచ్చింది. మా ఆవిడ కూడా తీగల మీద చెయ్యి ఉంచి వింటోంది. చిటపటలు పలచబడి, ఒకటి, ఇంకొకటి, ఆగిపోయాయి. అవి ఆగిన చోట ఆవిడ మొదటి స్వరం మీటింది.

అరగంట. పంక్తిలో ఒక్క చెయ్యీ కదల్లేదు. చారు చల్లారిపోతోందని నాకు తెలుసు, ఎవరికీ పట్టలేదు. అందరూ ఆమె చేతి వైపు చూస్తున్నారో, తరవాత రాబోయే చారు కోసం చూస్తున్నారో నేను చెప్పలేను. రెండూ అయి ఉండొచ్చు. ఆకలితో ఉన్నవాడు ఇంత శ్రద్ధగా వింటాడని నా పట్టికలో లేదు. చివరి స్వరం సన్నగిల్లి, పూర్తిగా పోయాక, ఇంకాసేపు ఆగి, ఆవిడ చెయ్యి మోకాలి మీద పెట్టింది. నేను వంగి మొదటి ఆకులో చారు పోశాను.  

పరమాన్నం అయ్యాక వీణ కోసం వచ్చినాయన లేచి, చేతులు కడుక్కుని, ఆవిడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. "అమ్మా, ఇది నేను తీసుకెళ్లలేను," అన్నాడు.

"నేనూ ఇవ్వలేనండీ," అంది మా ఆవిడ. "మీ అమ్మాయికి మంచిది నేనే చూసి పెడతాను."

అతిథులు చుట్టూ మూగారు. మళ్లీ ఎప్పుడని ఈసారి అడిగింది ఆమెనే. ప్రతినెలా మొదటి ఆదివారం, ఇదే పదిహేను ఆకులు, అని ఆవిడ అంటుండగా బావమరిది మిగిలిన పెరుగు బకెట్టు రెండు చేతులతో మోసుకుంటూ వంటింటి వైపు వెళ్తున్నాడు. లాల్చీ ముందుభాగం మీద పప్పు, కూర, పులుసు వరసగా ఉన్నాయి. రెండు గంటలు నోరు మూసుకున్న మనిషి ఏదో ఒకటి అనబోతున్నాడని మొహం చూస్తే తెలుస్తోంది. ఈ ఆలోచన తనదేనని చెప్పబోతున్నాడని నా నమ్మకం.

నేను గొంతు సవరించుకుని ముందే అందుకున్నాను. "మీ అందరికీ ఒక్క మాట. ఇంత చక్కగా వడ్డించినవాడు మా బావమరిది. ఇకమీదట ప్రతినెలా వడ్డన అతనిదే. అడగకుండానే ఒప్పుకున్నాడు."

మా ఆవిడ ఆ రోజు మొదటిసారి తమ్ముడి వైపు చూసి, "మా తమ్ముడు బాగా వడ్డించాడు," అని ఊరుకుంది. పదిహేను మందీ చప్పట్లు కొట్టారు. పాపం, అతనికి తిరిగి దండం పెట్టడానికి కూడా చేతులు ఖాళీగా లేవు.